నాలుగో గేరులో మూడు మీటర్లు

మా హాస్టల్ రూములో రాత్రి పదకొండు దాటాక మొదలయ్యే వాదనలు ఎక్కువగా సినిమాల మీదే ఉంటాయి. మొన్న ఎందుకో కార్ల మీదికి మళ్లింది. "మాన్యువల్ కారు ఫుల్ పెర్ఫార్మెన్స్ ఇవ్వాలంటే గేరు ఎప్పుడు మార్చాలి?" అని ఒకడు అడిగాడు. "టార్క్ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ" అన్నాడు సివిల్ వాడు. "రెడ్‌లైన్ దాకా లాగాలి, రేసుల్లో చూడట్లేదా" అన్నాడు ఈసీఈ వాడు. మూడోవాడు బుద్ధిమంతుడు, "రెండు వేల ఆర్‌పీఎం దాటనివ్వకూడదు, ఇంజిన్ పాడైపోద్ది" అన్నాడు. ఆ తర్వాత ముగ్గురూ నా వైపు తిరిగారు. మెకానికల్ థర్డ్ ఇయర్ కదా, నేను తీర్పు చెప్పాలి.

నేను వెంటనే చెప్పలేకపోయాను. ఈ ప్రశ్నకి జవాబు తెలుసనుకుని ఒకసారి అరకు ఘాట్ రోడ్డులో మా ఇంట్లో నలుగురి ప్రాణాల మీదికి తెచ్చాను. ఆ కథ, దాని వెనకున్న లెక్క రెండూ ఇక్కడ రాస్తున్నా. సాహిత్య పత్రికలో గేర్ల గోలేమిటని తిట్టుకోకండి. లెక్కలు కూడికలు, గుణకారాలు దాటవు.

ఆ రోజు ఏం జరిగిందంటే

సంక్రాంతి సెలవులు. వైజాగ్ నుంచి అరకు బయల్దేరాం. మాది 1.2 లీటర్ పెట్రోలు కారు, సెకండ్ హ్యాండ్. నాన్న పద్దెనిమిదేళ్లు వేరేవాళ్ల లారీలు నడిపి, చివరికి సొంతానికి కొనుక్కున్న బండి అది. ఎస్.కోట దాటాక, "లైసెన్సు వచ్చి ఏడాదయింది కదా, నడుపు" అని తాళం నా చేతికిచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు. వెనక అమ్మ, చెల్లి, సంచులు. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతున్నాం.

నాకప్పటికి ఒక పిచ్చి ఉండేది. గేరు ఎంత త్వరగా పైకి మారిస్తే డ్రైవింగ్ అంత బాగా వచ్చినట్టని. మైలేజీ వస్తుంది, ఇంజిన్ చప్పుడు చెయ్యదు, పక్కవాళ్లకి కుదుపు తెలీదు. ముందు లోడు లారీ పోతోంది. దాని వెనక నలభైలో, నాలుగో గేరులో, చాలా సాఫీగా పోతున్నాననుకుంటూ పోతున్నా.

"ఒరే, కిందికి ఎయ్యి" అన్నాడు నాన్న.

"బాగానే పోతోంది కదా నాన్నా."

రోడ్డు కొంచెం తిన్నగా కనిపించింది. ఎదురుగా ఎవరూ లేరు. ఇండికేటర్ వేసి, కుడికి తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. ఇంజిన్ ఒక్కసారి మూలిగింది. బండి మాత్రం లేవలేదు. లారీ వెనక చక్రాల పక్కన ఉన్నాం, కాసేపటికి కూడా ఇంచుమించు అక్కడే ఉన్నాం. అప్పుడు పై మలుపులోంచి బస్సు దిగింది.

బ్రేకు వేసి వెనక్కి తగ్గి ఉండాల్సింది. నా కాలు మాత్రం యాక్సిలరేటర్ మీదే బిగుసుకుపోయింది. అమ్మ ఏదో అరిచింది. సరిగ్గా అప్పుడే లారీ వెనకబడటం మొదలైంది. ఆ డ్రైవరు బ్రేకు వేసి, బండిని ఎడమ అంచుకి లాగాడు. ఆ ఖాళీలోకి దూరాను. బస్సు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాట ఒక్కటే: "ఎత్తులో లోడు బండిని ఆపించేసేవురా."

మనం బతికిపోయామనో, నిన్ను చంపేస్తాననో అనలేదు. ఆ మాట బరువేమిటో నాకు ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకున్నాకే తెలిసింది.

బావి, చేద, తొట్టి

టార్క్, పవర్ అనే రెండు మాటల్ని మనం వైవాలో గడగడా చెప్పేస్తాం గానీ, కారులో కూర్చున్నప్పుడు రెండూ కలిపేస్తాం. గిలక బావి దగ్గర నీళ్లు తోడటం గుర్తు తెచ్చుకోండి. ఒక్కసారికి ఎంత పెద్ద చేద లాగగలరో అది టార్క్. నిమిషానికి ఎన్నిసార్లు లాగుతారో అది ఆర్‌పీఎం. నిమిషంలో తొట్టిలోకి ఎంత నీరు చేరిందో అది పవర్. పెద్ద చేద వేసి నిమిషానికి రెండుసార్లే లాగితే తొట్టి నిండదు. చేద కొంచెం చిన్నదైనా చకచకా లాగితే నిండుతుంది.

మన రోడ్ల మీద ఒకప్పుడు ఎటు చూసినా కనిపించిన 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్‌నే తీసుకోండి. దాని గరిష్ఠ టార్క్ 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్లు. గరిష్ఠ పవర్ మాత్రం 4000 దగ్గర, 75 హార్స్‌పవర్. ఆ 75 నుంచి వెనక్కి లెక్కేస్తే 4000 దగ్గర టార్క్ సుమారు 131 న్యూటన్ మీటర్లే. అంటే చేద మూడో వంతు చిన్నదైంది. అయినా తొట్టిలో ఎక్కువ నీళ్లు పడేది అక్కడే, ఎందుకంటే తోడే వేగం రెట్టింపయింది.

ఇక గేరు చేసే పని గునపం లాంటిది. బండరాయిని పెకలించేటప్పుడు గునపాన్ని ఎంత దూరంగా పట్టుకుంటే రాయి అంత తేలిగ్గా కదులుతుంది, కానీ చెయ్యి ఎక్కువ దూరం కదలాలి. కింది గేరు అంటే దూరంగా పట్టుకోవడం. ఇంజిన్ ఎక్కువ తిరుగుతుంది, చక్రం దగ్గర బలం పెరుగుతుంది. కారుని ముందుకు తోసేది ఇంజిన్ దగ్గరి టార్క్ కాదు, గేరు గుణించాక చక్రం దగ్గర మిగిలే టార్క్. సివిల్ వాడు తప్పింది ఇక్కడే.

ఒక లెక్క కారు

ఏ కంపెనీ పేరూ వద్దు. మా బండి లాంటి ఒక 1.2 లీటర్ పెట్రోలు కారుని లెక్క కోసం అనుకుందాం. ఫుల్ యాక్సిలరేటర్ మీద దాని టార్క్ ఇలా ఉందనుకోండి:

2000 ఆర్‌పీఎం దగ్గర 95 న్యూటన్ మీటర్లు
3000 దగ్గర 105
4000 దగ్గర 113 (ఇదే గరిష్ఠం)
5000 దగ్గర 108
6000 దగ్గర 97
6500 దగ్గర 86 (ఇక్కడ రెడ్‌లైన్)

గేర్ల నిష్పత్తులు వరసగా 3.5, 1.9, 1.3, 1.0, 0.8. వీటన్నిటి తర్వాత ఫైనల్ డ్రైవ్ 4.2. చక్రం వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు.

టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే పవర్ కిలోవాట్లలో వస్తుంది. 4000 దగ్గర 47 కిలోవాట్లు, 6000 దగ్గర 61, 6500 దగ్గర 58.5. చేద పెద్దగా ఉన్నది 4000 దగ్గరైనా, తొట్టి నిండేది 6000 దగ్గర.

ఇప్పుడు రెండో గేరు నుంచి మూడుకి ఎప్పుడు మార్చాలో చూద్దాం. ఫైనల్ డ్రైవ్ రెండిటికీ ఒకటే కాబట్టి దాన్ని వదిలేసి, ఇంజిన్ టార్క్‌ని గేరు నిష్పత్తితో గుణిస్తే చాలు.

గరిష్ఠ టార్క్ దగ్గర, అంటే 4000లో మారిస్తే? రెండో గేరులో ఉన్నది 113 × 1.9, అంటే 215. మూడులోకి మార్చగానే ఇంజిన్ 2740కి పడిపోతుంది. అక్కడ టార్క్ సుమారు 102, దాన్ని 1.3తో గుణిస్తే 133. ఒక్క గేరు మార్పుతో తోపుడు బలం 38 శాతం పోయింది. ఇంజిన్ ఇంకా పైకి తిరగగలిగినా మనమే దాని కాళ్లు పట్టుకుని వెనక్కి లాగినట్టు.

6000లో మారిస్తే? రెండులో 97 × 1.9 = 184. మూడులో ఇంజిన్ 4100 దగ్గర ఆగుతుంది, 113 × 1.3 = 147. ఇంకా రెండే మెరుగు.

6500లో? రెండులో 163, మూడులో 145. రెడ్‌లైన్ దగ్గర కూడా రెండో గేరే గట్టిగా తోస్తోంది. అంటే ఈ కారుకి రెండు నుంచి మూడుకి అత్యుత్తమ చోటు రెడ్‌లైనే.

అయితే ఈసీఈ వాడు గెలిచాడా? తొందరపడకండి. నాలుగు నుంచి అయిదుకి చూడండి. 6000 దగ్గర నాలుగులో 97, అయిదులో 88. 6500 దగ్గర నాలుగులో 86, అయిదులో 85. ఇక్కడ రెండూ దాదాపు సమానమైపోయాయి. గేర్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట, టార్క్ పైన బాగా పడిపోయే ఇంజిన్లలో, రెడ్‌లైన్ కన్నా ముందే మార్చడం లాభం. డీజిల్ కార్లలో ఇది బాగా కనిపిస్తుంది. 4000 దాటాక ఊపు చచ్చిపోతుంది, అక్కడ ఇంకా తొక్కితే చప్పుడే తప్ప ఫలితం తక్కువ.

కాబట్టి నియమం ఒక అంకె కాదు, ఒక పోలిక: ఇప్పుడున్న గేరు చక్రం దగ్గర ఇచ్చే బలం, పై గేరు ఇవ్వబోయే బలం కన్నా ఎక్కువగా ఉన్నంతసేపూ మార్చకు. సమానమైన చోట మార్చు. సమానం కాకముందే రెడ్‌లైన్ వస్తే అక్కడ మార్చు. సాధారణంగా ఆ చోటు గరిష్ఠ పవర్ దాటాక కొంచెం పైన ఉంటుంది. గరిష్ఠ టార్క్ దగ్గర మాత్రం ఉండదు.

మరి మూడోవాడి రెండు వేలు?

వాడు అన్నదీ తప్పు కాదు. వాడు వేరే ప్రశ్నకి జవాబు చెప్పాడు. తిన్నటి రోడ్డు మీద నిలకడగా పోతున్నప్పుడు బండికి కావలసిన పవర్ చాలా తక్కువ. అప్పుడు ఇంజిన్ తక్కువ తిరుగుతూ, యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తెరుచుకుని ఉంటే లోపలి రాపిడి తగ్గుతుంది, సగం మూసిన థ్రాటిల్‌ గుండా గాలిని పీల్చుకోవడానికయ్యే వృథా తగ్గుతుంది. పెట్రోలు మిగులుతుంది. పెట్రోలు కారుని ఊళ్లో 2000, 2500 మధ్య పైగేరులోకి మార్చుకుంటూ పోవడం మంచి అలవాటే.

చిక్కల్లా ఆ అలవాటుని ఎత్తు మీదికి కూడా తీసుకెళ్లడం. తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్‌ని గట్టిగా తొక్కితే బండి వణుకుతుంది, డబడబమంటుంది, పెట్రోలు ఇంజిన్ అయితే నాకింగ్ రావచ్చు. బేరింగుల మీద ఒత్తిడి పెరుగుతుంది. వేడెక్కిన ఆరోగ్యమైన ఇంజిన్ రెడ్‌లైన్ లోపల కాసేపు 5000లో తిరిగితే దానికేం కాదు, దాన్ని అలా తిరగడానికే తయారుచేశారు. 1300లో ఎత్తు ఎక్కించడమే దానికి శిక్ష. చప్పుడు తక్కువగా ఉంటే ఇంజిన్ సుఖంగా ఉన్నట్టు కాదు. నేను సాఫీ అనుకున్నది ఆ మూలుగునే.

ఆ అయిదు సెకన్లు

ఇప్పుడు మళ్లీ ఘాట్ రోడ్డుకి వద్దాం. అదే లెక్క కారు, మనుషులూ సంచులూ కలిపి 1300 కిలోలు. రోడ్డు ఎత్తు నూటికి ఆరు అనుకుందాం, అంటే వంద మీటర్లు పోతే ఆరు మీటర్లు పైకి. వేగం 40. ఆ ఎత్తు మీద బండిని వెనక్కి లాగే బలం సుమారు 765 న్యూటన్లు. టైర్ల రాపిడి, గాలి కలిపి ఇంకో 205. మొత్తం 970. వేగం పెరగాలంటే ఇంజిన్ ముందు ఈ బాకీ తీర్చాలి, ఆ తర్వాత మిగిలిందే మనది.

నాలుగో గేరు: ఇంజిన్ 1540 ఆర్‌పీఎం, టార్క్ సుమారు 88. చక్రం దగ్గర బలం 1270 న్యూటన్లు. బాకీ పోను మిగిలింది 300.

మూడో గేరు: 2000 ఆర్‌పీఎం, టార్క్ 95. బలం 1790. మిగిలింది 820.

రెండో గేరు: 2920 ఆర్‌పీఎం, టార్క్ 104. బలం 2860. మిగిలింది 1890.

అదే కారు, అదే రోడ్డు, అదే కాలు. నాలుగుకీ రెండుకీ మధ్య తేడా ఆరు రెట్లు!

దీన్ని దూరంలోకి మార్చి చూశాను. లారీ 40లోనే పోతోంది, నేను 40 నుంచి మొదలుపెట్టి ఫుల్ యాక్సిలరేటర్ తొక్కాను. అయిదు సెకన్లలో లారీ కన్నా ఎంత ముందుకి జరుగుతాను? రెండో గేరులో 18 మీటర్లు. మూడులో 8 మీటర్లు. నాలుగులో 3 మీటర్లు.

లారీ పొడవు పది మీటర్లు అనుకోండి. రెండో గేరులో అయితే అయిదు సెకన్లలో దాన్ని దాటి ముందుకెళ్లిపోతాను. నాలుగో గేరులో మూడు మీటర్లు! వెనక చక్రాల దగ్గర మొదలుపెట్టి వెనక చక్రాల దగ్గరే ఉన్నానంటే ఇదే కారణం. పైగా ఈ లెక్కలో గేరుబాక్సు రాపిడి, ఏసీ కలపలేదు. అవి కలిపితే ఆ మూడు కూడా మిగలదు.

ఇంకో సంగతి. ఈ కారు రెండో గేరులో 6000 ఆర్‌పీఎం దాకా పోతే వేగం 82. అంటే 40 నుంచి మొదలైన ఓవర్‌టేక్ అంతా రెండో గేరులోనే అయిపోతుంది, మధ్యలో క్లచ్ తొక్కే పనే ఉండదు. క్లచ్ తొక్కిన ఆ అర సెకను ఇంజిన్‌కి చక్రాలతో సంబంధం ఉండదు, ఎత్తు మీద ఆ అర సెకనులోనే వేగం పడిపోతుంది. అందుకే ఓవర్‌టేక్‌కి గేరు మార్చాల్సింది కుడికి తీశాక కాదు, తీయకముందే. ముందు కింది గేరు వేసి, ఇంజిన్ ఊపందుకున్నాక, దారి ఇంకా ఖాళీగా ఉందో లేదో మళ్లీ చూసి, అప్పుడు. దారి కనబడని మలుపు దగ్గర అయితే ఏ గేరూ సరైన గేరు కాదు. లారీ వెనకే ఉండిపోవడం.

కిందికి మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, నాలుగు నుంచి రెండుకి వస్తే ఇంజిన్ 1540 నుంచి 2920కి ఎగరాలి. క్లచ్ వదిలే ముందు యాక్సిలరేటర్ కొద్దిగా తాకితే ఆ తేడా తగ్గి, కుదుపు రాదు. రెండు, వేగం ఎక్కువున్నప్పుడు పొరపాటున మరీ కింది గేరు వేయకండి. ఈ కారు 110లో ఉండగా రెండో గేరు వేసి క్లచ్ వదిలితే చక్రాలు ఇంజిన్‌ని 8000 దాకా తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు గానీ చక్రాలు తిప్పుతుంటే ఆపలేదు. వాల్వులు వంగిపోతే ఇంజిన్ విప్పాల్సిందే.

లారీ ఆయన లెక్క

ఇదంతా నా వైపు లెక్క. ఆ రాత్రి వేసిన రెండో లెక్క లారీది. మా కారు 1300 కిలోలకి బాకీ 970 న్యూటన్లు. లోడు లారీ పాతిక టన్నులుంటే ఆ ఎత్తు మీద వెనక్కి లాగేదే దాదాపు 14,700. దానికి ఇంజిన్ దగ్గర మిగులు అనేదే పెద్దగా ఉండదు. ఉన్న కాస్త వేగాన్నీ కాపాడుకుంటూ, సరైన గేరులో పట్టుకుని ఎక్కాలి. ఒకసారి బ్రేకు వేస్తే ఆ వేగం పోయినట్టే. మళ్లీ మొదటి గేరు దాకా దిగాలి, క్లచ్ కాలే వాసన వచ్చేలా లేపాలి, వెనక్కి జారకుండా చూసుకోవాలి. నా మైలేజీ పిచ్చి కోసం ఆయన తన ఊపంతా పారేసుకున్నాడు. పద్దెనిమిదేళ్లు లారీ నడిపిన మనిషికి ముందు గుర్తొచ్చింది అదీ.

అనంతగిరిలో నాన్న బండి ఆపించాడు. అందరం కాఫీ తాగేశాం, ఇంకా బయల్దేరనివ్వడే. రోడ్డు అంచున నిలబడి కింది మలుపు వైపు చూస్తున్నాడు. చాలాసేపటికి ఆ లారీ వచ్చింది, మెల్లగా, కింది గేరులో గుర్రుమంటూ. నాన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. డ్రైవరు ఆపలేదు. ఎత్తులో ఇంకోసారి ఎందుకాపుతాడు? హారన్ చిన్నగా ఒకసారి కొట్టి పోయాడు.

నేను రూములో ముగ్గురికీ చివరికి చెప్పింది ఇదే: మీ ముగ్గురిలో ఎవరూ పూర్తిగా తప్పు కాదు, కానీ ఎవరూ ముందు ప్రశ్న అడగలేదు. ఇప్పుడు బండితో ఏం చేయించాలి? పెట్రోలు మిగల్చాలా, ఎత్తు ఎక్కించాలా, ఒకర్ని దాటాలా? దాన్ని బట్టి గేరు. ఆ జవాబు అవసరం వచ్చేముందే చేతిలో ఉండాలి.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో నేను వెనక సీటు వైపు నడుస్తుంటే నాన్న తాళం మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"ఎక్కినప్పుడు ఏ గేరు కావాల్సొచ్చిందో, దిగినప్పుడూ అదే ఎయ్యి. న్యూట్రల్ చేసేవో, బ్రేకులు కాలిపోతాయి. ఇంజినే పట్టుకుంటాది బండిని."

రెండులో వేశాను. ఇంజిన్ గట్టిగానే చప్పుడు చేసింది. ఈసారి అది మూలుగులా అనిపించలేదు. కింద బొడ్డవర వచ్చేదాకా నాన్న పక్కసీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు.